పది వరసలు, పది నిచ్చెనలు

ఈ ప్రయాణం గురించి ఇన్నేళ్లు రాయకపోవడానికి రెండు కారణాలు. మొదటిది ఎవరికైనా చెప్పుకోగలిగేది. నాకు అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో ఊడ్చి, చెరిగి, బస్తాల మూతులు కుట్టి ఇరవై ఆరేళ్లు పని చేశాను. మా వాడలో పెద్దవాళ్ల కోసం సాయంత్రం బడి పెట్టినప్పుడు రాజేశ్వరి టీచరు నా చేతిలో బలపం పెట్టింది. చదవడం ఏడాదిలో పట్టుబడింది. రాయడం అలా కాదు. మనసులో ఉన్న మాట కాగితం మీద అదే మాటగా నిలబడడానికి ఇంకో ఆరేడేళ్లు పట్టింది.

రెండో కారణం సిగ్గు. అమెరికా వెళ్లొచ్చినవాళ్లు వంతెనల గురించి, జలపాతాల గురించి చెబుతారు. నన్నెవరైనా ఏం చూశావని అడిగితే ముందు గుర్తొచ్చేది ఒక బియ్యం గోదాం. అందులో నేను అడుగు కూడా పెట్టలేదు. అక్కడ జరిగినదానికి మాత్రం కారణం నేనే.

డబ్లిన్

మా అమ్మాయి లావణ్య అమెరికాలో అకౌంటింగ్‌లో ఎం.ఎస్. చేసి, ఒక పెద్ద ఆడిట్ సంస్థలో చేరి, నేను అక్కడికి పోయేనాటికి తొమ్మిది నెలలు. ఇంకా పని నేర్చుకునే దశ. మొదటి ఏడాది ఎలా చేసిందో చూసి ఉద్యోగంలో ఉంచాలో వద్దో తేల్చుకుంటారట. వీసాకు వాళ్లే దరఖాస్తు పెట్టాలి. అందుకని ఉదయం ఏడింటికి పోయిన పిల్ల ఇంటికొచ్చాక కూడా ల్యాప్‌టాప్ ముందే అన్నం తినేది.

అమెరికాలో ఆమె ఉండే ఊరు డబ్లిన్. సాయంత్రాలు నేను పార్కుకు పోయేదాన్ని. అక్కడ చీరల మీద బూట్లు వేసుకుని నడిచే మన ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. అందరూ మొదట అడిగేది ఒకటే, మీవాళ్లు సాఫ్ట్‌వేరా అని. మా పిల్ల ఆడిటరు అంటే కొంచెం ఆగి చూసేవారు. విజయవాడ నుంచి వచ్చిన రిటైర్డ్ తహసీల్దారు సుబ్బారావుగారు మాత్రం సంబరపడ్డారు.

"మా ఆఫీసుకి ఆడిట్ వాళ్లొస్తే కోడి పలావు తప్పేది కాదమ్మా. ఇక్కడ మీ అమ్మాయికి ఏం పెడతారు?" అని అడిగారు.

ఆ రోజు నాతో వచ్చిన లావణ్య నవ్వింది. "ఏం పెట్టరంకుల్. కాఫీ కూడా మేమే కొనుక్కోవాలి. గిఫ్ట్ తీసుకుంటే జాబ్ పోతుంది."

"అదేం ఉద్యోగమమ్మా, పస్తుల ఉద్యోగం" అన్నారాయన.

జులై చివర్లో లావణ్యకు యూబా సిటీ దగ్గర పని పడింది. అక్కడొక బియ్యం కంపెనీ ఉంది. వాళ్ల లెక్కల ఏడాది ముగిసే రోజున వాళ్ల గోదాంలో సరుకు ఎంతుందో దగ్గరుండి లెక్క చూడాలి. లావణ్యతో గదిలో ఉండే అమ్మాయి వాళ్ల అక్క దగ్గరికి చాండ్లర్ అనే ఊరికి వెళ్లింది. నన్ను ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేక లావణ్య తన సీనియర్‌ని అడిగింది. ఆయన పేరు మార్క్. మోటెల్‌లో ఉంటే ఉండనీ, గోదాం వైపు మాత్రం తీసుకురాకు అన్నాడట. ఆయన వయసు నలభై ఉంటుంది, ఈ పిల్ల ఆయన్ను పేరు పెట్టి పిలుస్తుంది. మా మిల్లులో గుమాస్తాని కూడా నేను సారూ అనే పిలిచాను.

పొలాల దారి

కొండలు దాటాక నేల చాప పరిచినట్టు చదునైపోయింది. రెండు పక్కలా వరి. మా ఊరి వరి లాగే ఉంది కానీ అంత పొలంలో ఒక్క మనిషి లేడు. గట్లు కూడా గీత గీసినట్టున్నాయి. నాట్లు ఎవరేస్తారని అడిగాను.

"ఎవరూ వెయ్యరమ్మా. నీళ్లు పెట్టి, విమానంలకెల్లి విత్తనాలు చల్లుతరు."

నాకు నమ్మకం కలగలేదు. నాట్ల కాలంలో నడుములు విరిగే మా ఆడవాళ్లందరినీ తలుచుకున్నాను. విమానం వస్తే బాగుండు అనుకోవాలో, వస్తే వీళ్లేం తింటారు అనుకోవాలో తెలియలేదు.

రోడ్డు పక్కన ఒక ముసలాయన పీచ్ పండ్లు అమ్ముతున్నాడు. చిన్న బుట్ట నాలుగు డాలర్లు. డబ్బు రేకు పెట్టెలో మనమే వేసి, చిల్లర మనమే తీసుకోవాలి. ఆయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు, మా వైపు చూడను కూడా చూడలేదు. "తక్కువ ఏస్తే?" అన్నాను. "వెయ్యరు" అంది లావణ్య. ఒక పండు కొరికితే రసం మోచేతి దాకా కారి చీర మీద పడింది. ఆ మరక తరవాత ఎంత ఉతికినా పోలేదు.

మోటెల్

మోటెల్ నడిపేది గుజరాతీ దంపతులు. లావణ్య నన్ను అక్కడ దింపి గోదాం చూసి రావడానికి పోయింది. నాలుగింటికి వచ్చి మంచం మీద కాగితాలు పరిచింది. ఎండ నూట నాలుగు డిగ్రీలని టీవీలో చెప్పారు. వాళ్ల డిగ్రీలు వేరట.

నీ పని ఏమిటో నాకు అర్థమయ్యేట్టు చెప్పమన్నాను.

"గోదాంల ఎనభై నాలుగు వరసలున్నయ్. ఒక్కో వరసల ఇన్ని బస్తాలున్నయని కంపెనీ రాసిస్తది. నేను అన్నీ లెక్కపెట్టలేను కదా. ఒక పది వరసలు ఏరుకుంట. ఎల్లుండి పొద్దుగాల పోయి ఆ పదీ లెక్కపెడ్త. అవి సరిపోతే మిగతావి కూడా సరే అనుకుంటం."

ఇది నాకు తెలిసిన పనే. మా మిల్లుకు బియ్యం కొనడానికి వచ్చే సేట్లు కూడా అన్ని బస్తాలూ విప్పరు. ఏదో ఒక బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు బియ్యం తీసి చూస్తారు. ఏ బస్తాకు గుచ్చుతారో ముందు తెలియదు.

లావణ్య తాను ఏరిన పది వరసల కాగితం నా చేతికిచ్చింది. "నువ్వు చదువమ్మా, నేను టైప్ చేస్త."

ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు నాకు అప్పటికి వచ్చు. ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. బి పదకొండు. సి నాలుగు. ఎఫ్ తొమ్మిది. పదీ అయ్యాక లావణ్య తలెత్తి "ఒక్క తప్పు లేదు" అంది. పుట్టి బుద్ధెరిగాక నా చదువు ఒకరి పనికి అక్కరకు రావడం అదే మొదలు. లావణ్య స్నానానికి పోయినప్పుడు ఆ పదీ నా నోట్‌బుక్‌లో దిద్ది రాసుకున్నాను. రోజూ ఒక పేజీ రాయడం అలవాటు. ఆ రోజు పేజీ అదే అయింది.

ఏ వరసలు ఏరిందో కంపెనీ వాళ్లకు తెలియకూడదని లావణ్య నాతో విడిగా చెప్పలేదు. నాకు తెలుసని అనుకుంది. నిజానికి నాకు తెలుసు కూడా.

గురుద్వారా

రెండో రోజు లావణ్యకు కంపెనీ ఆఫీసులో కాగితాల పని. నన్ను పొద్దున్నే గురుద్వారా దగ్గర దింపి పోయింది. ఆ ఊళ్లో పంజాబీలు తాతల కాలం నుంచి ఉన్నారు. ఎవరు పోయినా భోజనం పెడతారు. తల మీద కొంగు కప్పుకోవాలి, అంతే. పప్పు, రోటీ, పాయసం తిన్నాక ఊరికే కూర్చోలేక వంటగదిలోకి పోయాను. ఏడెనిమిది మంది ఆడవాళ్లు వరసగా కూర్చుని రోటీలు ఒత్తుతున్నారు. ఒకామె జరిగి చోటిచ్చింది. పేరు బల్బీర్ కౌర్. నా ఈడుదే.

నాకు జొన్నరొట్టె అరచేత్తో కొట్టడం వచ్చు, కర్రతో ఒత్తడం రాదు. నా మొదటి రోటీ చూసి ఆమె గట్టిగా నవ్వింది. "ఇది ఏ దేశం పటం బహెన్‌జీ?" అంది. మిల్లులో బీహారు కూలీల దగ్గర నేర్చుకున్న హిందీ నాది. ఆమెది పంజాబీ కలిసిన హిందీ. అయినా మాటలు తడుముకోకుండా సాగాయి.

ఆమె ముప్పై ఏళ్ల కిందట వచ్చి, మొదట పండ్ల పెట్టెలు సర్ది, ఇప్పుడు బియ్యం గోదాంలో షిఫ్టు సూపర్‌వైజర్‌గా పనిచేస్తోంది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ. ఏ గోదాం అని అడిగితే లావణ్య వచ్చిన గోదామే.

"రేపు పొద్దున్న ఆరింటికే రమ్మన్నారు. ఆడిటర్లు లెక్క చూస్తారట. పోయినసారి వచ్చినవాడు అక్కడొకటి, ఇక్కడొకటి అని తిప్పాడు. పై బస్తాలు లెక్కపెట్టే నిచ్చెనలు ఈ చివర నుంచి ఆ చివరకు లాగి లాగి నా మోకాలు వారం రోజులు వాచింది" అంది.

"రేపు వచ్చేది నా బిడ్డే" అన్నాను.

"ఆ సన్నటి పిల్లా? నిన్న చూశాను. నీ బిడ్డా?" అంటూ చేతి పిండి దులుపుకుని నన్ను కొత్తగా చూసింది.

అంతలో ఒకాయన రిజిస్టరు పట్టుకొచ్చాడు. సేవ చేసినవాళ్లు పేరు రాయాలి. బల్బీర్ తన పేరు రాసి, నన్ను అడగకుండానే, "నీది కూడా నేనే రాస్తాలే, చెప్పు" అంది. మంచితనంతోనే అంది. మా ఊళ్లో బ్యాంకులో, రేషను దుకాణంలో, అన్నిచోట్లా నాకు అలాగే రాసిపెట్టేవాళ్లు. నేను పెన్ను తీసుకుని యాదమ్మ అని ఇంగ్లీషులో రాశాను. అంతటితో ఊరుకోవలసింది. సంచీలోంచి నోట్‌బుక్ తీశాను.

తెలుగు పేజీలు ఆమెకు ముగ్గుల్లా కనిపించాయి. ఇంగ్లీషు పేజీ దగ్గర ఆగింది.

"ఇవేంటి?"

"రేపు నా బిడ్డ చూసే వరసలు. నేనే చదివి చెప్పాను. ఈ పదే చూస్తుంది. మిగతావాటి దగ్గరికి నువ్వు నిచ్చెన లాగక్కర్లేదు."

ఈ మాట అన్నప్పుడు నా గుండెలో భయం లేదు. మా మిల్లుకు సివిల్ సప్లయిస్ ఆఫీసరు తనిఖీకి వస్తే ముందు రోజే కబురొచ్చేది. కబురు పంపినవాళ్లను మేం మంచివాళ్లనుకునేవాళ్లం. చెప్పకుండా మీద పడేవాళ్లను తిట్టుకునేవాళ్లం. బల్బీర్‌కు చెప్పడం తోటి కష్టజీవికి చేసిన సాయం అనిపించింది. ఆమె ఆ పేజీని కాసేపు చూసి నోట్‌బుక్ మూసి నా ఒళ్లో పెట్టింది. వచ్చేటప్పుడు ఇంటి మామిడికాయ ఊరగాయ సీసా చేతికిచ్చింది.

ఆ ఊరగాయ లావణ్యకు చాలా నచ్చింది. ఎవరిచ్చారంటే గుడి దగ్గర ఒకామె అన్నాను.

లెక్క రోజు

మూడో రోజు లావణ్య ఐదున్నరకే పోయి, పదకొండు దాటాక వచ్చింది. చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చుంది.

"లెక్క తప్పిందా?" అన్నాను.

"లేదు. పదీ సరిపోయినయ్. ఒక్క బస్తా తేడా లేదు."

"మరింకేంది బిడ్డా?"

"నేను లోపలికి పోయేసరికే పది నిచ్చెనలు ఏసి ఉన్నయమ్మా. నేను ఏరిన పది వరసల కాడనే. బస్తాల మీద ప్లాస్టిక్ కూడా తీసేసి పెట్టిన్రు. ఎనభై నాలుగుల సరిగ్గా ఆ పదే వాళ్లకెట్ల తెలుస్తయ్?"

లావణ్య నన్ను చూడడం లేదు. బ్యాగు కిందకు వంచి కాగితాలన్నీ కుప్ప పోసింది. జాబితా దొరికింది. అయినా నమ్మకం కుదరలేదు. "నిన్న వాళ్ల ప్రింటర్ల ఒక కాపీ వదిలేసిన్నేమో. నాదే అయి ఉంటది" అంది. ముఖం కడుక్కొచ్చి మార్క్‌కు ఫోన్ చేసింది. ఆమె ఇంగ్లీషులో నాకు అర్థమైన ముక్కలు కొన్నే. తప్పు నాది, నాది అని రెండుసార్లు అంది. ఇంకెవరైనా చూశారా అని ఆయన అడిగి ఉంటాడు. ఎవరూ లేరు అంది.

నేను పక్క మంచం మీదే ఉన్నాను. ఎవరూ లేరు అన్నప్పుడు నేను నోరు తెరవలేదు.

ఆ మధ్యాహ్నమంతా తెరవలేదు. అన్నం వండాను. లావణ్య తినలేదు. బట్టలు మడతపెట్టాను. మడతపెట్టినవి విప్పి మళ్లీ మడిచాను. చెబితే బల్బీర్ పని పోతుందనుకున్నాను. చెప్పకపోతే నా బిడ్డ పని పోతుందనీ తెలుసు. వీటికంటే చిన్న భయం ఇంకొకటి ఉంది, అదే నన్ను ఆపింది. చెబితే ఎందుకు చూపించావని లావణ్య అడుగుతుంది.

ఐదింటికి ఆమె మార్క్‌కు మెయిల్ రాయడానికి కూర్చుంది. తప్పు తనదేనని రాతలో పెట్టమన్నాడట. అది పంపేలోపు చెప్పాను.

"లావణ్యా, నువ్వు కాగితం యాడా వదిలిపెట్టలే. నేనే చెప్పిన."

"ఎవరికి?"

"బల్బీర్ కౌర్‌కు. రోటీల కాడ కలిసింది. ఆమె ఆ గోదాంలనే చేస్తది. పదీ చూపించిన."

"చూపించినవా? నీ దగ్గర యాడియి?"

నోట్‌బుక్ తెరిచి ఇచ్చాను. ఆమె చాలాసేపు చూసింది.

"ఎందుకమ్మా?"

"ఆమెకు మోకాలు నొప్పి. నిచ్చెనలు లాగలేదని..."

"అంతేనా?"

"నాకు చదువొచ్చని తెల్వాలని."

లావణ్య నోట్‌బుక్‌ను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసింది. సాక్ష్యం ఉండాలట. నా రాతను ఒకరు ఫొటో తీయడం అదే మొదటిసారి.

మార్క్‌కు మళ్లీ ఫోన్ చేసి, ఈసారి స్పీకర్‌లో పెట్టింది. ఆయన అడగడం, లావణ్య తెలుగులో నన్నడగడం, నేను చెప్పింది ఇంగ్లీషులో ఆయనకు చెప్పడం. నా తప్పు నా బిడ్డ నోటి మీదుగా మాట మాటగా పోయింది. పేరు అడిగాడు.

"ఆమె పేరెందుకు? తప్పు నాది కదా" అన్నాను.

"నువ్వు ఆమెకు చెప్పినవ్. ఆమె అక్కడ నిచ్చెనలు ఏయించింది. చెప్పాలమ్మా."

చెప్పాను.

"ఆమె నీకేమైనా ఇచ్చిందా అని అడుగుతుండు."

నేను బల్ల మీద ఉన్న సీసా వైపు చూశాను. లావణ్య కూడా చూసింది. సగం అయిపోయి ఉంది. ఆమె గొంతు సవరించుకుని ఊరగాయకు ఇంగ్లీషు మాట చెప్పింది. తాను కూడా తిన్నానని చెప్పింది. తరవాత సీసాకు కూడా ఫొటో తీసింది.

కాగితం అమ్మ చేత చదివించింది తానేనని లావణ్య చెప్పింది. ఆ మాట చెప్పక్కర్లేదని నేను చెయ్యి ఊపాను. "చెప్పకపోతే నేనేం ఆడిటర్‌నమ్మా" అంది, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మార్కే వస్తాడు. వరసలు ఆయనే ఏరుతాడు. గోదాంలో నిలబడేదాకా లావణ్యకు కూడా చెప్పడు. వస్తున్నట్టు కంపెనీలో ఎవరికీ తెలియకూడదు.

"రేపు పొద్దుగాల రోటీలకు వస్తనని ఆమెకు మాటిచ్చిన. పోకుంటే అనుమానం వస్తదేమో" అన్నాను.

లావణ్య ఆలోచించింది. "పో. కానీ..." అని ఆగిపోయింది. ఆ తరవాత మాట ఆమె అనలేదు. తల్లికి ఎలా చెప్పాలో తెలియలేదనుకుంటాను.

మర్నాడు

లావణ్య ఉద్యోగం పోలేదు. ఆ బియ్యం కంపెనీ పని నుంచి తీసేసి, తప్పు ఆమె కాగితాల్లో రాసి పెట్టారు. వీసా దరఖాస్తు ఏడాది ఆలస్యమైంది. ఇవన్నీ తరవాతి సంగతులు. రెండో లెక్కలో తేడా వచ్చిందో లేదో ఆమె నాకు చెప్పలేదు. అది బయట చెప్పకూడదు. నేను అడగనూ లేదు. బల్బీర్ ఏమైందో కూడా అడగలేదు.

ఆ పొద్దున మాత్రం ఆరున్నరకే గురుద్వారాలో ఉన్నాను. బల్బీర్ నాకు చోటు ఉంచింది. మోకాలు ఎలా ఉందని అడగబోయి మానేశాను. ఆమే చెప్పింది. "నీ దయ బహెన్‌జీ, నిన్న ఒక్క అడుగు ఎక్కువ వేయలేదు. నిచ్చెనలన్నీ ముందు రోజే వేయించాను. నీ బిడ్డ సంతోషపడిందా? పని తొందరగా అయిందిగా?"

నేను తల ఊపాను. ఆమెకు దాచాలని కూడా అనిపించలేదు. పని సులువు చేశాననే అనుకుంది. ఎనిమిది కావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నరలో ఎప్పుడైనా చెప్పొచ్చు. చెబితే తన మీదికి ఏం రాబోతోందో ఆమెకు ముందే తెలిసేది. నిన్నటి దాకా నేను మంచితనం అనుకున్నది అదే.

రోటీలు ఒత్తుతూ కూర్చున్నాను. ఆమె తన కోడలి గురించి ఏదో చెప్పింది. ఇంకెవరో నవ్వారు. నేనూ నవ్వాను.

ఎనిమిది దాటి పది నిమిషాలకు ఆమె ఫోన్ మోగింది. పిండి చేత్తోనే చెవికి పెట్టుకుంది. విని, లేచి, చేతులు కడుక్కుంది.

"గోదాంకి రమ్మంటున్నారు. మళ్లీ లెక్కట. నీ బిడ్డ పోలేదా ఇంకా?" అంది. తాళాల గుత్తి అందుకుంటూ నా వైపు వంగి, నవ్వుతూ అడిగింది. "ఈసారి ఏ వరసలు బహెన్‌జీ?"

పీట మీది రోటీ వైపే చూస్తూ ఉన్నాను. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. నవ్వు ఎప్పుడు ఆగిందో చూడలేదు కానీ ఆగిందని తెలిసింది. తరవాత కుంటుకుంటూ గుమ్మం దాటి వెళ్లిపోయింది.

ఆమె పీట పక్కన ఇంకా పధ్నాలుగు ముద్దలున్నాయి. వాటిని నా వైపు జరుపుకుని ఒక్కొక్కటే ఒత్తాను.